కొండలెక్కేవాళ్ళు తీరికలో ఏం చదువుతారు?

పాఠకుణ్ణి గురించి మన విమర్శలో చర్చ తక్కువేమీ జరగలేదు. మధ్యతరగతి పాఠకుడు, సీరియల్ నవలల పాఠకురాలు, గ్రంథాలయానికి వచ్చే నిరుద్యోగి, కార్మికవాడలో పత్రిక చదివి వినిపించే కార్యకర్త - వీళ్ళందరినీ గురించి ఏదో ఒక మేరకు మాట్లాడుకున్నాం. ఒక రకం పాఠకుల వైపు మాత్రం మన దృష్టి పోలేదు. వాళ్ళు ఆదివారం తెల్లవారకముందే వీపుకు సంచి తగిలించుకుని నగరం దాటిపోయేవాళ్ళు. భువనగిరి బండ ఎక్కేవాళ్ళు, నల్లమలలో నడిచేవాళ్ళు, చెరువు గట్టున దుర్భిణి పట్టుకుని పక్షుల కోసం కాచుకునేవాళ్ళు. వారంలో తక్కిన ఆరు రోజులూ వీళ్ళు ఏదో ఒక గదిలో కూర్చుని పనిచేస్తారు. రాత్రి పడుకోబోయేముందు ఏదో ఒకటి చదువుతారు. ఆ చదివేది ఏమిటి, ఎందుకు చదువుతారు, దానివల్ల మన రచయితలు తెలుసుకోవలసింది ఏమైనా ఉందా అన్నదే ఈ వ్యాస విషయం.

నేను పాఠాలు చెప్పేది అమీర్‌పేట ప్రాంతంలో. సహోపాధ్యాయులు, పూర్వ విద్యార్థులు, పిల్లల తల్లిదండ్రులు, పంజగుట్ట వైపు నుంచి రోజూ పొద్దున్నే కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం దాకా నడిచివచ్చే పరిచయస్తులు - వీళ్ళను కొంతకాలంగా అడుగుతూ వచ్చాను. ఇది సర్వే కాదు కనుక అంకెలు ఇవ్వబోను. విన్నదాన్ని, చదివినదాన్ని పక్కపక్కన పెట్టి అర్థం చేసుకునే ప్రయత్నం మాత్రమే ఇది.

పంజగుట్ట అనే పేరులోనే గుట్ట ఉంది. అక్కడ నిలబడి చూస్తే గుట్ట కనబడదు. పై వంతెన, మెట్రో స్తంభాలు, దుకాణాల బోర్డులు కనబడతాయి. హైదరాబాదు నేల దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి నల్లసేనపు రాయి మీద నిలిచింది. ఆ బండలను పగలగొట్టే మేడలు లేచాయి. మిగిలిన వాటినైనా కాపాడాలని 1996లో రాళ్ళ పరిరక్షణ కోసం ఒక సంఘమే ఏర్పడవలసి వచ్చింది. కనుక ఈ ఊళ్ళో ఆరుబయటి మీద పుట్టిన ప్రేమకు ఒక భౌతిక పునాది ఉంది. ఎదుట ఉన్నది పోయినప్పుడే మనిషి దాన్ని వెతుక్కుంటూ దూరం పోతాడు. పోలేని రోజున దాన్ని గురించి చదువుకుంటాడు.

ప్రవరుడి జబ్బు

ఇది కొత్త జబ్బు కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుణ్ణి మనం నిష్ఠాపరుడిగానే పాఠం చెబుతాం. అతడికి ఇంకో ముఖం ఉంది. ఊరికి వచ్చిన ప్రతి యాత్రికుణ్ణీ ఇంటికి పిలిచి అన్నం పెట్టి, ఏయే దేశాలు చూశావు, ఏయే కొండలు ఎక్కావు అని అడుగుతాడు. ఇల్లు కదలలేని గృహస్థుకు ఆ కబుర్లే గ్రంథాలయం. చివరికి ఒక సిద్ధుడు పాదలేపం ఇస్తే హిమాలయానికి ఎగిరిపోతాడు. మంచుకు లేపం కరిగిపోయేసరికి అక్కడే చిక్కుకుంటాడు. వరూధిని కథ మొదలయ్యేది ఆ తరువాతే.

ఈ కథలో ఆరుబయటి పాఠకుడి లక్షణాలన్నీ ఉన్నాయి. అతడు ముందు వినేవాడు, తరువాత పోయేవాడు. అతడికి అందమైన వర్ణన ఒక్కటే చాలదు. దారి కావాలి, దూరం కావాలి, ఎలా పోవాలో కావాలి. ఇంకో సంగతి కూడా ఉంది. అతడు కష్టపడి ఎక్కలేదు. ఎవరో ఇచ్చిన లేపం అతణ్ణి మోసింది. మోసేది ఒకరు, చూసేది మరొకరు. ఈ విభజన ప్రవరుడితో ఆగిపోలేదు.

తీరిక ఎవరు సంపాదించారు?

కొండ ఎక్కాలన్నా పుస్తకం చదవాలన్నా తీరిక కావాలి. తీరిక ఆకాశం నుంచి ఊడిపడదు. ఎనిమిది గంటల పనిదినం కోసం 1886లో షికాగో కార్మికులు రక్తం ధారపోశారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి ఒడంబడిక, 1919లో, పని గంటల మీదే. అలా దక్కిన ఆదివారాన్ని ఎక్కడ గడపాలన్నది మరో పోరాటమైంది.

ఇంగ్లండులో మాంచెస్టరు చుట్టుపక్కల మిల్లు కార్మికులు, యువకులు వారాంతంలో కొండల మీదికి నడిచిపోయేవారు. ఆ కొండలు భూస్వాములవి. పక్షుల వేట కోసం కాపలా పెట్టి ఉంచుకున్నవి. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రోత్‌మన్ అనే యువ కమ్యూనిస్టు నాయకత్వంలో వందల మంది కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి అనుమతి లేకుండా నడిచారు. ఐదుగురికి జైలుశిక్ష పడింది. ఆ విచారణలో, నడిచినవాళ్ళలో ఒకరి దగ్గర దొరికిన లెనిన్ పుస్తకం కూడా ప్రస్తావనకు వచ్చింది! కొండలెక్కేవాళ్ళు ఏం చదువుతారన్న ప్రశ్నను ఒక న్యాయస్థానం అంత గంభీరంగా పట్టించుకున్న సందర్భం మరొకటి నాకు తెలియదు. 1949లో బ్రిటిషు పార్లమెంటు జాతీయ ఉద్యానాల చట్టం చేయడం వెనుక ఇలాంటి నడకలన్నీ ఉన్నాయి.

ఈ చరిత్రను ఎందుకు చెబుతున్నానంటే, ఆరుబయటి మీద ఇష్టం ధనికుల విలాసమని కొట్టిపారేసే ధోరణి మనలో ఉంది. అది తొందరపాటు. గదిలో బందీ అయిన శ్రామికుడు గాలినీ కొండనూ కోరడం న్యాయమైన కోరిక. ఆ కోరిక ఏ పుస్తకాలతో పెరుగుతోంది, ఆ పుస్తకాలు అతడికి ఏం చూపిస్తున్నాయి, ఏం దాస్తున్నాయి అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

మూడు రకాల పుస్తకాలు

నేను విన్నంతలో ఈ పాఠకుల పుస్తకాలు మూడు రకాలు.

మొదటిది, గుర్తుపట్టే పుస్తకం. పక్షి, చెట్టు, పాము, రాయి - వీటి పేర్లు చెప్పే పుస్తకం. ఈ రకానికి పెద్దదిక్కు సలీం అలీ. 1931-32లో నిజాం రాజ్యమంతటా తిరిగి పక్షుల సర్వే చేసినవాడు ఆయన. 1941లో వచ్చిన ఆయన భారతీయ పక్షుల పుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది. హైదరాబాదులో 1980లో మొదలైన పక్షి పరిశీలకుల సంఘం తన పత్రికకు ‘పిట్ట’ అని తెలుగు పేరు పెట్టుకుంది. ఈ పుస్తకాన్ని ఎవరూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవరు. బయట చూసినదాన్ని ఇంటికి వచ్చి పేజీలో పోల్చుకుంటారు. చూపుకూ మాటకూ మధ్య దూరం తగ్గినప్పుడు కలిగే ఆనందమే అందులోని రసం.

రెండవది, సాహసం. జిమ్ కార్బెట్ కుమావూఁ నరభక్షక పులుల పుస్తకం 1944లో వచ్చింది. ఇప్పటికీ అది చేతులు మారుతూనే ఉంది. కెన్నెత్ ఆండర్సన్ అయితే మనవాడే అనవచ్చు; 1910లో బొల్లారంలో పుట్టాడు. అతడి వేట కథల్లో చామల లోయ, మామండూరు వస్తాయి. మన అప్పటి చిత్తూరు జిల్లా అడవులు. ఈ వరసలోనే పర్వతారోహణ గ్రంథాలు. 1950లో అన్నపూర్ణ శిఖరం ఎక్కి, చేతివేళ్ళూ కాలివేళ్ళూ పోగొట్టుకున్న మోరీస్ ఎర్జోగ్ ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పి రాయించిన పుస్తకం వాటిలో బాగా పేరుపడింది.

మూడవది, సంచారం. శిఖరం చేరడం ఇక్కడ లక్ష్యం కాదు, నడవడమే లక్ష్యం. 1990లలో బేగంపేట గ్రీన్‌లాండ్స్ దగ్గర ‘వాల్డెన్’ అనే పుస్తకాల దుకాణం ఉండేది. అమెరికా రచయిత థోరో 1854 నాటి పుస్తకం పేరది. తెలుగులో ఈ మార్గానికి సంపద తక్కువేమీ లేదు. హిమాలయాల్లో తిరిగి, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ దగ్గర గడిపి, తిరిగి తుమ్మపూడిలో స్థిరపడిన సంజీవదేవ్ ‘తెగిన జ్ఞాపకాలు’. నాయని కృష్ణకుమారి ‘కాశ్మీర దీపకళిక’. కాలినడకన దేశం చుట్టిన ఆదినారాయణ ‘భ్రమణకాంక్ష’. వాడ్రేవు చినవీరభద్రుడి ‘నేను తిరిగిన దారులు’ - వీటిని చదివినవాళ్ళు నాకు తారసపడ్డారు. అందరికంటే పెద్ద సంచారి రాహుల్ సాంకృత్యాయన్. నాలుగుసార్లు టిబెట్టు పోయి, ప్రాచీన గ్రంథాలను తెచ్చి, రైతు ఉద్యమంలో జైలుకు పోయినవాడు. ఆయన ‘ఓల్గా నుంచి గంగకు’ చాగంటి తులసి అనువాదంలో తెలుగు ఇళ్ళల్లో సుపరిచితం. సంచారమే ఒక శాస్త్రమని, ఆడవాళ్ళకూ దానిమీద సమానమైన హక్కు ఉందని ఆయన ఒక పుస్తకమే రాశాడు.

ఎందుకు నచ్చుతాయి?

ఈ పుస్తకాలు రచనాపరంగా ఎలా పనిచేస్తాయో రచయితలు గమనించాలి. సంచార రచనకు కథాకుట్ర అక్కర్లేదు. పొద్దు, వాన, నీటిచుక్క, మిగిలిన దూరం - ఇవే ఉత్కంఠను నిలబెడతాయి. పొద్దు గుంకకముందు ఊరు చేరతాడా లేదా అన్న ఒక్క ప్రశ్న నలభై పేజీలు చదివిస్తుంది. రోజుకొక భాగంగా సాగే దినచర్య రూపం అందుకే ఈ రచనకు సహజమైన శిల్పం.

రెండవ సంగతి: ఈ పాఠకుడు వర్ణనను కాళ్ళతో పరీక్షిస్తాడు. మన ప్రబంధాలకు అష్టాదశ వర్ణనలు నియమం. కొండ, సముద్రం, ఋతువు తప్పక రావాలి. ఆ అడవిలో అన్ని చెట్లూ ఒక్కసారే పూస్తాయి. ముల్లు గుచ్చుకోదు, జలగ పట్టదు. అది ఒక సంప్రదాయం. దానికి దాని సౌందర్యం ఉంది. కాని ఆధునిక కథలో కూడా ‘దట్టమైన అడవి’, ‘గలగల పారే సెలయేరు’ అని రాసి సరిపెట్టుకుంటే, వేసవిలో ఎండిన వాగులో నడిచివచ్చిన పాఠకుడు ఆ పేజీ దగ్గరే పుస్తకం మూస్తాడు. ఏ చెట్టు, ఏ నెల, ఆకు రాలిందా లేదా అని అతడు అడుగుతాడు. వాస్తవికత గురించి మనం సిద్ధాంతంలో చెప్పేదాన్ని అతడు అనుభవంలో అడుగుతున్నాడు.

పేజీలో కనబడని భుజం

మెచ్చుకున్నంత మెచ్చుకున్నాక అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ పుస్తకాల్లో బరువు ఎవరు మోస్తున్నారు?

మన తొలి యాత్రాగ్రంథమే తీసుకుందాం. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. అతడి ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. దారులు, మజిలీలు, ధరలు, వృత్తులు - ఎంత వివరం! ఆ కాలపు సాంఘిక చరిత్రకు అది గని. కాని సుమారు వందమంది పరివారంతో సాగిన ఆ ప్రయాణం బోయీల భుజాల మీద సాగింది. ఆ పల్లకీ మోసినవాడి కాశీయాత్ర చరిత్ర మనకు లేదు.

1953లో ఎవరెస్టు ఎక్కిన బృందం సామాను మోయడానికి 350కి పైగా కూలీలు కావలసివచ్చారు. శిఖరం చేరిన ఇద్దరిలో ఒకడైన టెన్సింగ్ నార్గే పేదరికంలో పుట్టిన షెర్పా. ఎన్నో భాషలు మాట్లాడగలిగినా చదవడం, రాయడం నేర్చుకునే అవకాశం అతడికి దక్కలేదు. 1955లో వచ్చిన అతడి ఆత్మకథను అతడు చెబుతుంటే ఉల్మన్ అనే అమెరికన్ రచయిత రాశాడు. ప్రపంచమంతా చదివిన తన పుస్తకాన్ని తాను చదువుకోలేకపోయిన మనిషి అతడు. పర్వతారోహణ సాహిత్యం మీద ఇంతకు మించిన విమర్శ రాయగలమా?

థోరో స్వయంగా కట్టుకున్న కుటీరాన్ని స్వావలంబనకు గుర్తుగా అందరూ చెబుతారు. ఆ కుటీరానికి వేసిన పలకలు ఎక్కడివి? రైల్వే పనిలో ఉన్న ఒక ఐరిష్ కూలీ గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొని, దాన్ని విప్పి తెచ్చుకున్నవి. ఆ సంగతి దాచకుండా థోరోయే రాశాడు. గుడిసె ఖాళీ చేసిన ఆ కుటుంబం సామాను మూటతో తెల్లవారే దారిపట్టింది. పాఠకులు కుటీరాన్ని గుర్తుపెట్టుకున్నారు, గుడిసెను మరిచిపోయారు.

కార్బెట్ కథల్లో పులి వాతపడినవాళ్ళు ఎవరో చూడండి. 436 మందిని చంపిందని చెప్పే చంపావత్ పులి వాతపడినవాళ్ళలో ఎందరో గడ్డికీ కట్టెలకూ పోయిన ఆడవాళ్ళు. వాళ్ళకు అడవి విహారస్థలం కాదు, పనిచోటు. కార్బెట్‌కు ఇది తెలుసు. 1952లో రాసిన ‘మై ఇండియా’లో మొకామా ఘాట్ దగ్గర రైల్వే సరుకు ఎత్తిన కూలీల జీవితాన్ని, వాళ్ళ మధ్య తాను గడిపిన సంవత్సరాలను ఆత్మీయంగా చెప్పాడు. పులుల పుస్తకం చదివిన పదిమందిని అడిగితే ఈ పుస్తకం పేరు విన్నవాడు ఒక్కడు దొరకడం కష్టం. ఆండర్సన్ కూడా తనకు అడవిని నేర్పినవాడు బైరా అనే పూజారి గిరిజనుడని మళ్ళీ మళ్ళీ రాశాడు. అడవి తెలిసినవాడు ఒకడు, దాన్ని గురించి రాసినవాడు ఒకడు, చదివినవాడు మరొకడు. ఈ ముగ్గురి మధ్య దూరమే ఈ సాహిత్యంలోని వర్గరేఖ.

రేఖ దాటిన పాదాలు

ఆ రేఖ ఎప్పటికీ అలాగే ఉండదు. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళు నిండకముందే, టిబెట్టు వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. శిక్షణ మొదలైంది మన భువనగిరి బండ మీదే. తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు జరిగిన సంగతి ఇది. అదే సంవత్సరం ఏప్రిల్ 18న నేపాలు వైపున మంచుచరియ కూలి, ఇతరుల కోసం దారి వేస్తూ బరువులు మోస్తున్న 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఈ రెండు సంగతులనూ కలిపి చదవగలిగినవాడే ఎవరెస్టును సరిగా చదివినట్టు.

నెల్లూరు జిల్లా గాంధీజనసంగంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం విడిచాడు. పూర్ణ మీద 2017లో హిందీ సినిమా వచ్చింది. కాని తెలుగు నవలాకారుణ్ణి ఈ జీవితాలు ఎందుకు కదిలించలేదు? పాకాల నుంచి భువనగిరి బండ దాకా ఉన్న దూరం, ఆ బండ నుంచి ఎవరెస్టు దాకా ఉన్న దూరం కంటే తక్కువా?

ఇంట్లో ఉన్న పుస్తకాలు

నా పూర్వ విద్యార్థులు అడిగినప్పుడు నేను చెప్పే పుస్తకాలు మూడు. వాటిలో ఏదీ యాత్రాగ్రంథం కాదు.

ఒకటి, బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ ‘వనవాసి’, సూరంపూడి సీతారాం అనువాదం. కలకత్తా నుంచి ఎస్టేటు ఉద్యోగిగా వచ్చిన యువకుడు అడవిని ప్రేమిస్తాడు. అతడి ఉద్యోగమేమో ఆ అడవిని నరికించి భూమిని కౌలుకివ్వడం. ప్రేమించే చేయి, నాశనం చేసే చేయి ఒకే మనిషివి. నగరం నుంచి కారులో అడవికి పోయే ప్రతివాడికీ ఆ అద్దం అవసరం.

రెండవది, కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’. ఈననున్న పంది అడవిలోకి తప్పిపోతే వెతుక్కుంటూ పోయిన ముసలివాడి కథ. చీకటి, పొద, మృగం, మనిషి ఒళ్ళు - వీటిని ఇంత నిక్కచ్చిగా చెప్పిన తెలుగు నవల అరుదు. కాళ్ళతో పరీక్షించే పాఠకుడు కూడా ఈ పుస్తకంలో తప్పు పట్టలేడు. పైగా అతడు అడవిలోకి పోయింది సరదాకు కాదు.

మూడవది, అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’. వానాకాలంలో జలపాతాలు చూడటానికి ఆదిలాబాదు పోయేవాళ్ళు, ఆ దారి పక్కన జోడెఘాట్ ఉందని, 1940లో అక్కడ గోండులు భూమి కోసం, అడవి కోసం నెత్తురు చిందించారని తెలుసుకుని చూస్తే ఆ నీళ్ళు వేరుగా కనబడతాయి.

చదివినందువల్ల ఏమవుతుందని అడిగేవాళ్ళుంటారు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచుల వెంట నగరంలోని రచయితలు, విద్యార్థులు, అడవిని ప్రేమించేవాళ్ళు గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. పుస్తకాలే ఆ పని చేశాయని నేను అనను, ఉద్యమాలు చేశాయి. కాని నల్లమలను దృశ్యంగా చూసినవాడికీ, చెంచుల ఇల్లుగా చూసినవాడికీ మధ్య తేడా ఉంది. ఆ తేడాను తీసుకురాగలిగిన సాధనాల్లో సాహిత్యం ఒకటి.

రచయితల ముందున్న పని

అమీర్‌పేట హాస్టలు గదుల్లో మరో రకం యువకులున్నారు. ఉద్యోగపరీక్షల పుస్తకాలూ కంప్యూటరు కోర్సుల నోట్సులూ తప్ప ఇంకేదీ చదివే తీరిక లేనివాళ్ళు. చిన్నప్పుడు బడికి మైళ్ళు నడిచినవాళ్ళు, సెలవుల్లో తునికాకు కోసినవాళ్ళు, గొర్రెల వెంట గుట్టలెక్కినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. వాళ్ళను ‘ప్రకృతి ప్రేమికులు’ అని ఎవరూ అనరు. వాళ్ళు కూడా అనుకోరు. పక్క వీధి కుర్రవాడు వేలు ఖర్చుపెట్టి నేర్చుకుంటున్న విద్యను వాళ్ళు మరిచిపోవడానికి ప్రయత్నిస్తున్నారు. ఏ చెట్టు పేరు తెలియడం జ్ఞానమో, ఏ చెట్టు పేరు తెలియడం నామోషీయో మన సమాజం ఇలా నిర్ణయించింది!

ఆ పేర్లు పోకముందే రాయాలి. పక్షులను, చెట్లను, రాళ్ళను తెలుగు పేర్లతో గుర్తుపట్టించే చిన్న పుస్తకాలు ఇంకా ఎన్నో కావాలి. గొర్రెలకాపరి వలసదారి, తునికాకు కల్లం, చెంచు తేనెపట్టు, బండ కొట్టే వడ్డెరల పని - వీటి మీద దినచర్యలు, స్వీయకథనాలు కావాలి. వాటిని ఆ నడిచినవాళ్ళే రాస్తే మేలు. చదువుకున్న వాళ్ళ పిల్లలు ఇప్పుడు మన తరగతి గదుల్లో ఉన్నారు. ఉపాధ్యాయులుగా మనం చేయగలిగిందల్లా, ‘నా విహారయాత్ర’ అని వ్యాసం రాయించే అలవాటు మాని, ‘మా అమ్మ రోజూ నడిచే దారి’ అని రాయించడం.

కొండలెక్కేవాళ్ళు మంచి పాఠకులు. వివరాన్ని కోరతారు, అబద్ధాన్ని పసిగడతారు, ఓపికగా వెంట నడుస్తారు. అలాంటి పాఠకులను శిఖరం బొమ్మలకు, పులి కథలకు వదిలేసి ఊరుకోవడం అభ్యుదయ రచయితలకు తగదు. వాళ్ళ చేతికి మోసినవాడి కథ ఇవ్వాలి. ఆ కథ చదివినవాడు కొండ ఎక్కడం మానడు. ఎక్కేటప్పుడు తన సంచి ఎవరి భుజం మీద ఉందో మాత్రం చూసుకుంటాడు.